సబ్బు పాటకు వియ్యాలవారి వరస

“బతుకమ్మ పాటల సబ్బు పొడి పేరు పెడ్తరా? గౌరమ్మ సుట్టు తిరిగే పాట గది, అంగట్ల అమ్ముకునేది కాదు!”

మా అత్తమ్మ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. నా చేతిలో సెల్‌ఫోను, అందులో నిజామాబాద్ స్టూడియో నుంచి అప్పుడే వచ్చిన పాట, చుట్టూ మా సంఘం ఆడవాళ్లం పదిమందిమి. ఒక్కరికీ నోరు పెగల్లేదు.

అసలు సంగతి చెబుతాను. మాది బోధన్. ఇక్కడి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు మీద, ఫ్యాక్టరీ మీద నడిచిన ఇళ్లలో ఆడవాళ్లు ఏదో ఒక పని వెతుక్కోవలసి వచ్చింది. బీడీలు చుట్టే చేతులు ఇక్కడ ముందునుంచీ ఉన్నాయి. మేం మాత్రం సంఘంలో అప్పు తీసుకుని బట్టల సబ్బు పొడి మొదలుపెట్టాం. (దాని పేరు రాస్తే ఇదీ ప్రకటనే అవుతుంది, అందుకే రాయను.) పొడి బాగానే కుదిరింది, అమ్మడమే కుదరలేదు. ఎడపల్లి, రెంజల్, కోటగిరి తిరిగి అమ్మాలంటే ఆటోకు మైకు ఉండాలి, మైకులో పాట ఉండాలి కదా!

పాటకున్న బలం మన ఈడువాళ్లకు వేరే చెప్పాలా? కర్సన్‌భాయ్ పటేల్ 1969లో అహ్మదాబాద్‌లో ఇంటి దగ్గర కలిపి సైకిల్ మీద అమ్మిన పొడి నిర్మా. 1975లో రేడియోలోకి, 1982లో టీవీలోకి పాటతోనే వచ్చింది. హిందీ ముక్క రాని పిల్లలు కూడా ఆ పాట పాడుకున్నారు. ఏ.ఆర్. రెహమాన్ 1987లో కట్టిన తొలి ప్రకటన బాణీ మన హైదరాబాద్ ఆల్విన్ వారి వాచీలకే. ‘రోజా’ (1992) కంటే ముందు ఆయన చెయ్యి తిరిగింది ఇలాంటి బుల్లి పాటలతోనే. అర నిమిషంలో వరస పట్టుబడాలి, సరుకు పేరు చెవిలో పడాలి, వినేవాళ్లు ఓ నవ్వు నవ్వాలి. అంతే.

బతుకమ్మ పాటలో ఈ నవ్వు తప్ప మిగిలినవన్నీ ముందే ఉన్నాయి. ఒకామె చిన్న చరణం ఎత్తుకుంటుంది. చివర ‘ఉయ్యాలో’ అనో ‘కోల్’ అనో ఒకే మాట. అందరూ చప్పట్లతో అందుకుంటారు. స్టూడియో అబ్బాయి తెలివైనవాడు, సరిగ్గా ఆ మాట పీకేసి అక్కడ మా పొడి పేరు పెట్టాడు. కింద కీబోర్డు, ప్యాడ్ల దరువు. వినడానికి ఎంత హుషారుగా ఉందో!

అత్తమ్మకు మండిందీ అక్కడే. దరువు మారితే ఆమెకేం అభ్యంతరం లేదు. డీజే పెట్టి బతుకమ్మ ఆడితే తనూ ఆడుతుంది. “ఉయ్యాలో అన్నకాడ గౌరమ్మ కూసుంటది బిడ్డా. ఆమెను లేపి సబ్బును కూసోబెట్టిండ్రు” అంది.

నేను వాదించాను. స్టూడియోకు డబ్బు కట్టేశాం, నెల తిరిగితే కిస్తీ. అయినా ఆ మాట లోపల గుచ్చుకుంది. పైగా పాటలో నాకు నచ్చనిది ఇంకోటుంది. బట్టలు సరిగ్గా పిండరాక నవ్వులపాలయ్యేది కోడలు. ఆ కోడలు ఒక్కతే మన యాసలో మాట్లాడుతుంది. పొడి గొప్పతనం చెప్పే గొంతు మాత్రం వార్తలు చదివినట్టు చదువుతుంది! 1980లలో సర్ఫ్ ప్రకటనలో కవితా చౌదరి వేసిన లలితాజీని గుర్తు చేసుకోండి. గీసిగీసి బేరమాడే ఆ ఇల్లాలిని చూసి ఎవరైనా వెక్కిరించారా?

దారి చూపించిందీ అత్తమ్మే. “నవ్వే పాట గావాలంటే పెండ్లి పాటలు లేవా?” అంది. నిజమే! వియ్యాలవారిని ఆడిపోసుకునే పాటల్లో తిండిపోతు వియ్యంకుడు, మిడిసిపడే వియ్యపురాలు, ఏ పనీ రాని పెళ్లికొడుకు, అందరికీ వాత పెడతారు. కోపం తెచ్చుకున్నవాళ్లే ఓడినట్టు. పక్కింటి ఖాలా ఇది విని, “మా ఢోలక్ గీతాల్లోనూ సమ్ధన్‌ను ఇట్లనే ఆడుకుంటరు” అంటూ ఇంట్లోంచి ఢోలక్ పట్టుకొచ్చింది. ఆ రాత్రి అన్నాలు ఆలస్యమయ్యాయి గానీ పాట తయారైంది:

“కొత్తల్లుడొచ్చిండు, కాలరు నల్లగున్నది,
ఇడిసి పిండుకోమంటె, సబ్బేడున్నదన్నడు!”

సబ్బు ఎక్కడుందో చెప్పడానికి అత్త, మరదలు, చివరికి పక్కింటామె కూడా పొడి పేరే అరుస్తారు. పేరు దానంతటదే పదిసార్లు వచ్చింది, ఎవర్నీ లేపి కూర్చోబెట్టక్కరలేకుండా.

మళ్లీ నిజామాబాద్ వెళ్లాం. ఆ అబ్బాయి ‘పిండుకో’ను ‘ఉతుక్కో’ అని దిద్దాడు. మేం మళ్లీ దిద్దాం. ఖాలా ఢోలక్ ముందు పెట్టించి, కీబోర్డు తగ్గించి, ప్యాడ్లు అల్లుడు నోరెళ్లబెట్టే చోట మాత్రమే ఉంచమన్నాం. పాడింది మా సంఘంలో ఆమే. గొంతు కాస్త బొంగురు, అయినా నవ్వు ఆపుకుంటూ పాడిన చోట బలే పలికింది.

మొదటి అంగడి రోజే పొట్లాలన్నీ అయిపోయాయని అబద్ధం చెప్పను, సగం మిగిలాయి. కానీ పిల్లలు ఆటో వెనక పరుగెత్తారు. రెంజల్‌లో ఒకామె పొట్లం కొని, “ఇగ మా ఇంటాయినెకు ఇస్త, ఆయిన్నే పిండుమంట” అంది. కిస్తీ ఆ నెల కట్టాం, తర్వాతి నెల కొంచెం అటూఇటూ అయింది.

అత్తమ్మకు పాట నోటికొచ్చేసింది. పొడి మాత్రం వాడదు, ఆమెకు బిళ్ల సబ్బే కావాలి.

మొన్న మా అల్లుడుగారు పండక్కి వచ్చారు. ఆటో సందు మలుపు తిరిగి పాట మొదలవగానే, పాపం, చేత్తో కాలరు తడుముకున్నారు.