పెళ్లి క్యాసెట్టు డీవీడీ అయ్యింది.. గొంతులెందుకు బొంగురుపోయాయి?

ఆర్మూరు చుట్టుపక్కల చాలా ఇళ్లల్లో పట్టుచీరల అడుగున ఓ పాత వీడియో క్యాసెట్టు కనిపిస్తుంది. దుబాయికో, మస్కట్‌కో వెళ్లి పెళ్లికి రాలేకపోయిన అన్నదమ్ములకు ఆ రోజుల్లో పెళ్లి చూపించింది ఈ క్యాసెట్టే. ఒడిబియ్యం పోస్తూ అమ్మమ్మ పాడిన పాట, అప్పగింతల్లో బాపు గొంతు అందులోనే ఉన్నాయి. వాళ్లిప్పుడు లేకపోతే ఆ గొంతు మరెక్కడా దొరకదు.

వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది. అందుకే పిల్లల చేత కంప్యూటర్‌లోకి ఎక్కించి డీవీడీ చేయించుకుంటున్నారు. తీరా టీవీలో పెడితే బొమ్మ బాగానే ఉంటుంది, మాటలు మాత్రం గరగర! వెంటనే డిస్కును తిట్టుకుంటాం. డిస్కు పాడైతే బొమ్మా మాటా ఆగి ఆగి వస్తాయి. మొదటి నుంచి చివరి దాకా గొంతు పగిలినట్టు వినిపిస్తోందంటే, తప్పు అంతకుముందే జరిగిందన్నమాట. పాలు మాడాక ఎన్ని గిన్నెలు మార్చినా వాసన పోతుందా? ఇదీ అంతే.

మరి ఎక్కడ మాడిందో చూద్దామా!

క్యాసెట్టు దగ్గర: ముందు వీసీఆర్‌ను నేరుగా టీవీకి కలిపి వినండి. అక్కడే గరగరమంటే హెడ్ శుభ్రం చేయించండి. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే మాత్రం తిప్పకండి, తెలిసినవారికి అప్పగించండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు: ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. వీసీఆర్ వైరును మైకు రంధ్రంలో పెట్టకూడదు. మైకు రంధ్రం సన్నటి శబ్దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. వీసీఆర్ నుంచి వచ్చేది ముందే గట్టి శబ్దం కాబట్టి అది పగిలిపోతుంది. 'లైన్ ఇన్' అని ఉన్న రంధ్రంలోనే పెట్టాలి. బాజాలు గట్టిగా మోగే చోట పెట్టి, తెర మీది గీత ఎరుపును తాకనంత వరకు శబ్దం తగ్గించండి. ఒకసారి పగిలిన శబ్దాన్ని తర్వాత తగ్గిస్తే చిన్నగా వినిపిస్తుందే తప్ప బాగుపడదు.

డీవీడీ తయారుచేసేటప్పుడు: డీవీడీ వీడియోలో శబ్దానికి సెకనుకు 48,000 నమూనాలు వాడతారు. పాటల సీడీలో 44,100. సీడీ పాటను మధ్యలో చేర్చినప్పుడు ఈ మార్పు సరిగా జరగకపోతే గొంతు మారుతుంది, లేదా మాట ఒకచోట, పెదవి ఒకచోట అవుతాయి. అన్నింటినీ ముందే 48,000కు మార్చమనండి. 'డాల్బీ డిజిటల్'లో 256 కిలోబిట్లు పెడితే రెండు గంటల శబ్దానికి పావు జీబీ కూడా పట్టదు. అదే 'పీసీఎం' అయితే 4.7 జీబీ డిస్కులో సుమారు 1.4 జీబీ శబ్దానికే పోతుంది.

మొత్తం పెళ్లి ఎక్కించే ముందు, చెరిపి మళ్లీ రాసుకునే డిస్కు మీద ఐదు నిమిషాలు బర్న్ చేయించండి. బాజాలు కొంత, అప్పగింతలు కొంత ఉండాలి. బాజాల్లో పగుళ్లు, అప్పగింతల్లో బొంగురు లేకపోతేనే మిగతాది.

ఒక్క మాట! డీవీడీ వచ్చింది కదా అని క్యాసెట్టు పారేయకండి. ఇంట్లో రాసిన డిస్కులు కొన్నేళ్లకు చెడిపోవచ్చు. కంప్యూటర్ కాపీని మరో డ్రైవులో కూడా దాచండి. క్యాసెట్టును చెమ్మ తగలనిచోట నిలబెట్టి ఉంచండి.