4.6 నిత్య జీవితంలో వాలుతలం: పవర్ టిల్లరును బండిలోకి ఎక్కించడం, దించడం

గత విభాగంలో వాలుతలం మీద ఉన్న వస్తువు బరువును రెండు అంశాలుగా విడదీయడం నేర్చుకున్నారు. అక్కడ మనం తీసుకున్నది నున్నని తలం, దాని మీద ఒక దిమ్మ. ఇప్పుడు దిమ్మకు బదులు 400 కిలోల పవర్ టిల్లరునూ, నున్నని తలానికి బదులు బురద అంటిన రెండు చెక్క బల్లలనూ పెట్టి చూద్దాం. దమ్ముల కాలంలో కిరాయి టిల్లర్లు మినీ ట్రక్కులెక్కి ఊరూరా తిరగడం మీలో చాలామంది చూసే ఉంటారు. అమెరికాలో ఏటీవీ అని పిలిచే నాలుగు చక్రాల చిన్న బండ్లను పికప్ ట్రక్కుల్లోకి ఎక్కించే వారికీ దాదాపు ఇవే చిక్కులు.

బల్ల పొడవు

ట్రక్కు బాడీ నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. టిల్లరు బరువు 400 × 9.8 = 3920 న్యూటన్లు. వాలు వెంట కిందికి లాగే బలం W sin θ అని మీకు తెలుసు. sin θ అంటే ఇక్కడ ఎత్తును బల్ల పొడవుతో భాగించగా వచ్చేదే. బల్ల పొడవు 1.5 మీటర్లయితే ఆ బలం సుమారు 2090 న్యూటన్లు, అంటే 213 కిలోల బరువుకు సమానం. దాదాపు మూడు ధాన్యం బస్తాలు. అదే బల్ల 3.2 మీటర్లుంటే 980 న్యూటన్లు, అంటే 100 కిలోలే. మధ్యలో ఇంజన్ ఆగిపోయిందనుకోండి. మొదటి సందర్భంలో వెనక ఉన్న ఇద్దరు మనుషులు ఆ యంత్రాన్ని ఆపలేరు.

అందుకే బాడీ ఎత్తుకు నాలుగు రెట్ల పొడవు బల్ల వాడాలన్నది మంచి లెక్క. అప్పుడు వాలు సుమారు 14.5 డిగ్రీలు ఉంటుంది. ఘర్షణ వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. చక్రం జారకుండా ఎక్కాలంటే ఘర్షణ గుణకం కనీసం tan θ ఉండాలి. పొట్టి బల్లకు అది 0.63, పొడవు బల్లకు 0.26. పొడి చెక్క మీద పొడి రబ్బరు టైరుకు మొదటిది దొరకవచ్చు, తడిసిన చెక్క మీద దాన్ని నమ్ముకోలేం. ఇనుప దమ్ము చక్రాలతో బల్ల ఎక్కించడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. అవి విప్పి రబ్బరు టైర్లు బిగించడానికి పట్టే కాసేపటికి బద్ధకిస్తే చెక్కా చీలుతుంది, యంత్రమూ జారుతుంది.

పొడవు బల్లలు లేనప్పుడు ఎత్తునే తగ్గించవచ్చు. పాతకాలపు రైతులు బండి వెనక భాగాన్ని కాలువ గట్టుకో, దిబ్బకో ఆనించి నిలబెట్టేవారు. గట్టు 40 సెంటీమీటర్లుంటే మిగిలిన ఎత్తు 40 సెంటీమీటర్లే. దానికి 1.6 మీటర్ల బల్ల చాలు. సైన్ పట్టిక చూడనివారు చేసిన పని ఇది, పూర్తిగా సరైనది.

బల్ల బలం

పొడవు పెంచమన్నాం కదా అని ఇంట్లో ఉన్న సెంట్రింగ్ చెక్కలనే పొడవుగా వేయకండి. బరువు బల్ల మధ్యకు వచ్చినప్పుడు దాన్ని వంచే భ్రామకం అత్యధికమవుతుంది. అది రెండు ఆధారాల మధ్య క్షితిజ సమాంతర దూరంతో పాటు పెరుగుతుంది. పై ఉదాహరణలో ఆ దూరం సుమారు 1.27 మీటర్ల నుంచి 3.1 మీటర్లకు, అంటే దాదాపు రెండున్నర రెట్లకు పెరిగింది. బల్ల వంపును తట్టుకునే శక్తి దాని వెడల్పుకు అనులోమానుపాతంలోనూ, మందం వర్గానికి అనులోమానుపాతంలోనూ ఉంటుంది. కాబట్టి పొట్టి బల్లకు 5 సెంటీమీటర్ల మందం చాలిన చోట, పొడవు బల్లకు దాదాపు 8 సెంటీమీటర్లు కావాలి. అంత చెక్కను మోయడమే కష్టం. అందుకే వెల్డింగు షాపులో ఇనుప చానళ్లకు అడ్డకడ్డీలు అతికించి చేయించుకున్న ర్యాంపులు మేలని నా అభిప్రాయం. కొనేవారు ఒక విషయం అడిగి తెలుసుకోవాలి: రాసి ఉన్న సామర్థ్యం జతకా, ఒక్కదానికా? యంత్రం ఓ పక్కకు ఒరిగితే బరువులో ఎక్కువ భాగం ఒకే బల్ల మీద పడుతుంది.

బల్ల ఎందుకు ఊడిపోతుంది?

న్యూటన్ మూడో నియమాన్ని పరీక్షలో రాయని విద్యార్థి ఉండడు. టిల్లరు చక్రం బల్లను వెనక్కి తోస్తుంది, బల్ల చక్రాన్ని ముందుకు తోస్తుంది. యంత్రం నిదానంగా, ఒకే వేగంతో కదులుతున్నంతసేపూ పెద్ద ప్రమాదం లేదు. బాడీ అంచు దగ్గర చక్రం తగులుకున్నప్పుడు డ్రైవరు యాక్సిలరేటర్ ఒక్కసారిగా పెంచితే, ఆ అదనపు బలమంతా బల్లను వెనక్కి, ట్రక్కును ముందుకు తోస్తుంది. ఏది కాస్త కదిలినా బల్ల కొస అంచు నుంచి జారుతుంది. బల్ల పై కొసకు కొక్కెం ఉంటే సరిపోదు. దాన్ని గొలుసుతో బాడీకి కట్టాలి. ట్రక్కును గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డంగా దిమ్మలు పెట్టాలి. బరువు ఎక్కేకొద్దీ వెనక కమాను పట్టీలు కుంగి బాడీ దిగుతుంది. వదులుగా ఆనించిన బల్లలు అప్పుడు కూడా కదులుతాయి.

దించేటప్పుడు

అసలు కష్టం ఇక్కడుంది. పవర్ టిల్లరుకు స్టీరింగ్ చక్రం ఉండదు. ఎడమ పిడి దగ్గరి స్టీరింగ్ క్లచ్ నొక్కితే ఎడమ చక్రానికి ఇంజన్ శక్తి ఆగుతుంది, కుడి చక్రం తోస్తుంది, యంత్రం ఎడమకు తిరుగుతుంది. చదును నేల మీద సంగతి ఇది. వాలులో గేరు వేసి ముందుకు దిగుతున్నప్పుడు ఇంజన్ చక్రాలను తోయదు, పట్టి ఆపుతుంది. అప్పుడు ఎడమ క్లచ్ నొక్కితే ఎడమ చక్రానికి ఆ పట్టు తప్పుతుంది, అది వేగంగా దొర్లుతుంది. కుడి చక్రం ఇంకా ఇంజన్ పట్టులోనే ఉంటుంది. యంత్రం కుడికి తిరుగుతుంది. చేయి నేర్చిన దానికి సరిగ్గా వ్యతిరేకం!

మా తమ్ముడు ఇరవై ఏళ్లు టిల్లరు నడిపినవాడు. ఒక సాయంత్రం చీకటి పడే వేళ, బండివాడు తొందరపెడుతుంటే, టిల్లరు దించుతూ బల్ల మీద అర అడుగు కుడికి వచ్చిందని ఎడమ క్లచ్ నొక్కాడు. యంత్రం ఇంకా కుడికి వెళ్లి బల్ల దాటి పడింది. పిడి తగిలి అతని మోకాలు కింద ఎముక విరిగింది. వాడకం తెలియక కాదు, మరీ బాగా తెలిసి నొక్కాడు. ముప్పై ఏళ్లు వాలుతలం పాఠం చెప్పిన నేను ఈ సంగతి అతనికి ఒక్కసారి కూడా చెప్పలేదు. నిజానికి ఆసుపత్రి వరండాలో కూర్చుని కాగితం మీద బాణం గుర్తులు గీసుకునేదాకా నాకూ తట్టలేదు.

కాబట్టి దిశ సరిచేసుకోవడమంతా నేల మీదే, బాడీ మీదే జరగాలి. బల్లలను చక్రాల దూరానికి కొలిచి, ట్రక్కుకు నేరుగా వేయాలి. బల్ల మీదికి వచ్చాక స్టీరింగ్ క్లచ్ ముట్టుకోకూడదు, గేరు మార్చకూడదు, మెయిన్ క్లచ్ తీయకూడదు. ఇంజన్ ఆగిపోతే భయంతో క్లచ్ తీయడం సహజం. కానీ గేరులో ఉన్న ఇంజన్ ఆగిపోయినా కొంతవరకు బ్రేకులా పట్టుకుంటుంది. క్లచ్ తీసిన క్షణంలో ఆ పట్టూ పోతుంది. అన్నిటికంటే తక్కువ గేరు బాడీ మీదే వేసుకోవాలి. ముందుకు దించాలా, వెనక్కి దించాలా అన్నది యంత్రంతో వచ్చిన వాడుక పుస్తకం చూసి పాటించండి. ఏ దిశలో దించినా యంత్రానికి దిగువన సాయం పట్టే మనిషిని నిలబెట్టవద్దు. సాయం కావాలంటే బాడీ ముందు కడ్డీకి కట్టిన చైన్ పుల్లీతో పైనుంచి పట్టుకోవాలి.

అభ్యాసం

ఒక ట్రక్కు బాడీ ఎత్తు 90 సెం.మీ., బల్లల పొడవు 2.4 మీ., టిల్లరు ద్రవ్యరాశి 450 కి.గ్రా. (అ) వాలు వెంట కిందికి లాగే బలం ఎంత? (ఆ) చక్రం జారకుండా ఉండాలంటే కనీస ఘర్షణ గుణకం ఎంత? (ఇ) ట్రక్కు వెనక భాగాన్ని 30 సెం.మీ. పల్లంలోకి దించితే ఈ రెండూ ఎంతకు తగ్గుతాయి?

జవాబులు: (అ) సుమారు 1654 న్యూటన్లు (ఆ) సుమారు 0.40 (ఇ) సుమారు 1103 న్యూటన్లు, 0.26