కోతి కాని కొండకోతి

చిలీ దేశపు దక్షిణభాగమునను, ఆండీస్ పర్వతములకు ఆవల అర్జెంటీనా అంచునను, ఎడతెగని వానలచే నాచుపట్టిన చల్లని అడవులు కలవు. అచ్చట రాత్రివేళ వెదురుపొదల నడుమ ఎలుకంత జంతువొకటి తోకను కొమ్మకు చుట్టి ప్రాకుచుండును. దాని స్పానిష్ నామము ‘మోనితో దెల్ మోంతే’. అనగా కొండ అడవిలోని చిట్టి కోతి. అది కోతియు కాదు, ఎలుకయు కాదు. కంగారువలె పిల్లలను సంచిలో పెంచు జంతువు. తూకము 40 గ్రాములకు మించుట అరుదు.

దక్షిణ అమెరికాలోని సంచిజంతువులలో అధికభాగము ఒపోసములు. ఇదియు చిరకాలము వానిలోనిదిగనే లెక్కింపబడినది. 1982లో సాలే అను శాస్త్రజ్ఞుడు దీని మడమ ఎముకలను పరిశీలించి, పొరుగున నున్న ఒపోసముల కంటె ఆస్ట్రేలియా కంగారులకే ఇది దగ్గరి చుట్టమని తేల్చెను. వినుటకు వింతయే, కాని తరువాతి జన్యుపరిశోధనలు ఆ మాటనే బలపరచినవి. ఒకప్పుడు దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలు ఒకే మహాఖండమున కలిసి యుండెడివి. ఆ ఖండమునకు గోండ్వానా యను పేరు మన గోండుల సీమనుండియే పోయినది. ఈ జంతువు బంధువుల శిలాజ దంతములు అంటార్కిటికా చెంతనున్న సీమూర్ ద్వీపమున దొరకినవి. ఆ శాఖలో నేడు మిగిలినది ఇది యొక్కటే. ఇది ఒక జాతియా, రెండు మూడా యని పండితుల వాదము మాత్రము తెగలేదు.

శరదృతువున పురుగులను, పండ్లను మెక్కి తోక మొదట క్రొవ్వు దాచుకొనును. వెదురాకులతో గూడు అల్లి, లోపల నాచు పరచి, చలికాలమున దేహపు వేడిమిని తగ్గించుకొని నిద్రించును.

దీని ఘనకార్యము వేరొకటి కలదు. మన మామిడిచెట్లపై బదనిక పెరుగునట్లే, ఆ అడవి చెట్లపై ‘కింత్రాల్’ అను బదనిక పెరుగును. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. మన బదనిక విత్తులను పిట్టలు చల్లును. ఆ అడవులలో కింత్రాల్ పండ్లు పండినను పచ్చగనే యుండును. వానిని తిని విత్తులను కొమ్మలపై విసర్జించునది ఈ చిట్టి జంతువే. దాని కడుపులోనుండి వచ్చిన విత్తే మొలకెత్తునని అమికో, ఐజెన్ అను శాస్త్రజ్ఞులు 2000లో ప్రకటించిరి. కింత్రాల్ చలికాలమున పూయును. అడవిలో ఇతర పుష్పములు లేని ఆ దినములలో తేనెపిట్టకు అదియే ఆధారము. ఆ పిట్ట వేసవిలో అనేక వృక్షములకు పరాగము చేర్చును.

అడవిని నరికి ముక్కలు చేసినచోట ఈ జంతువు కనుమరుగగుచున్నది. అచ్చట కింత్రాల్ పండ్లు తినువారు లేక కాడలకే వ్రేలాడుచున్నవి.