ఒకే తల్లి బిడ్డలు - ఒకరికే ఎందుకు ఈ వ్యసనం?

“ఇద్దరూ నా కడుపున పుట్టినోళ్ళే గదా సిస్టరమ్మా! చిన్నోడు కల్లు దుకాణం దిక్కు సూడడు. పెద్దోడు పొద్దుగూకితే అక్కడ్నే ఉంటడు. ఎందుకిట్లయింది?”

మన ఆసుపత్రికి వచ్చే తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొందరు తమ పెంపకంలోనే లోపం ఉందని కుమిలిపోతారు. కొందరు ఎవరో మందు పెట్టారంటారు. ఇంకొందరు “వానికి దేవుని భయం లేదు” అని వదిలేస్తారు. శాస్త్రవేత్తలు మనిషి మెదడును ఫొటోలు తీసి పరిశీలించి, ఈ ప్రశ్నకు కొంత జవాబు కనుగొన్నారు. అది మన కుటుంబాలకు పనికి వచ్చే జవాబు కాబట్టి ఇక్కడ తెలుసుకుందాం.

మెదడులో ఏం జరుగుతుంది?

మన నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం బ్రేకు వంటిది. “ఇది వద్దు, రేపు కూలికి పోవాలి” అని మనలను ఆపేది అదే. మెదడు లోపలి భాగంలో సుఖాన్ని, అలవాటును గుర్తుంచుకునే కేంద్రాలు ఉన్నాయి. ఆకలి మీద అన్నం తిన్నప్పుడు, బిడ్డ నవ్వినప్పుడు అక్కడ డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. పని అయిపోగానే నరాల కణాలు దానిని తిరిగి లోపలికి తీసుకుంటాయి.

కొకైన్ అనే మత్తుమందు ఈ తిరుగుదారిని మూసివేస్తుంది. డోపమిన్ కుప్పగా పేరుకుపోయి విపరీతమైన హుషారు కలుగుతుంది. ఇదే మళ్ళీ మళ్ళీ జరిగితే అన్నం, సంసారం, బిడ్డల ముద్దుమాటలు ఏవీ రుచించవు. మత్తు ఒక్కటే కావాలనిపిస్తుంది. బ్రేకు బలహీనపడుతుంది, అలవాటు బలపడుతుంది.

వయసు పెరిగేకొద్దీ అందరి మెదడూ కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు 2012లో ప్రచురించిన పరిశోధనలో, ఆరోగ్యవంతులలో మెదడులోని బూడిదరంగు పదార్థం ఏడాదికి సుమారు 1.69 మిల్లీలీటర్లు తగ్గితే, కొకైన్‌కు బానిసలైనవారిలో 3.08 మిల్లీలీటర్లు తగ్గుతున్నట్లు తేలింది. అంటే దాదాపు రెట్టింపు. మనిషి కంటే ముందే మెదడు ముసలిదవుతున్నది.

అన్నదమ్ముల మెదళ్ళు

అదే విశ్వవిద్యాలయానికి చెందిన కారెన్ ఎర్షె బృందం 2012లోనే మరొక సంగతి బయటపెట్టింది. వారు 50 జతల తోబుట్టువులను పరీక్షించారు. ప్రతి జతలో ఒకరు కొకైన్ వంటి మత్తుకు బానిస, మరొకరికి ఏ వ్యసనమూ లేదు. వీరిని బయటివారైన మరో 50 మంది ఆరోగ్యవంతులతో పోల్చారు.

ఆశ్చర్యం ఏమిటంటే, బానిసైనవారి మెదడులో కనబడిన తేడాలు చాలావరకు వ్యసనం లేని తోబుట్టువులోనూ ఉన్నాయి. బ్రేకు భాగాన్ని కలిపే దారులు ఇద్దరిలోనూ బలహీనంగా ఉన్నాయి. అలవాటుకు సంబంధించిన భాగం ఇద్దరిలోనూ పెద్దదిగా ఉంది. మొదలుపెట్టిన పనిని చప్పున ఆపుకొనే పరీక్షలో ఇద్దరూ వెనుకబడ్డారు. అయినా ఒకరు బానిస కాలేదు!

దీని నుండి మనం రెండు సంగతులు నేర్చుకోవాలి. మొదటిది, కొందరికి బలహీనత పుట్టుకతోనే రావచ్చు. కాబట్టి వ్యసనపరుణ్ణి బుద్ధిలేనివాడని తిట్టడం న్యాయం కాదు. రెండవది, ఆ బలహీనత తలరాత కాదు. తండ్రి తాగుబోతు అయినంత మాత్రాన కొడుకు తాగుబోతు కానక్కరలేదు. అయితే అలాంటి ఇంట్లో పిల్లలకు మొదటి గుక్క రుచి చూపించకపోవడమే క్షేమం. పండుగ పూట “కొంచెమే కదా” అని చిన్నపిల్లలకు కల్లు పోయడం మానుకోవాలి.

మన ఊళ్ళలో సంగతి

కొకైన్ ఖరీదైన మత్తు, మన ఆలంపూర్ చుట్టుపక్కల ఊళ్ళలో కనబడేది కాదు. మనకున్న బాధ కల్తీ కల్లు. ఈత, తాటి చెట్ల నుండి దిగే కల్లు తాగేవారందరికీ చాలదు. అందుకని క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, ఆల్‌ప్రాజోలం వంటి మందులు కలిపి అమ్ముతారు. ఇవి కొకైన్‌లాగా హుషారు తెప్పించవు, మెదడును జోకొడతాయి. కాని బానిసను చేయడంలో తక్కువేమీ కాదు. రోజూ జోకొట్టేసరికి మెదడు దానికి ఎదురుగా తన వేగాన్ని పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగిందంటే ఆ వేగానికి అడ్డు ఉండదు. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు వందలాదిమంది ఈ స్థితిలోనే వచ్చారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. తాగుతూ పోవడమూ ప్రమాదమే. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు మరణించారు.

ఇంట్లోవాళ్ళు చేయవలసినవి

1. ఏళ్ళ తరబడి కల్లు, సారాయి తాగినవారిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించకండి. డాక్టరు పర్యవేక్షణలో మందుల మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి.

2. మానిన మొదటి వారం రోజులు కనిపెట్టి ఉండండి. వణుకు, చెమటలు, తికమక మాటలు మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

3. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, తాళంచెవులు పెట్టకండి. నీళ్ళు పోయకండి. 108కి ఫోన్ చేయండి.

4. ఏం తాగుతున్నాడో, ఎన్నాళ్ళుగా తాగుతున్నాడో దాచకుండా చెప్పండి. మా సిస్టర్లు ఎవరినీ చిన్నచూపు చూడరు.

5. సలహా కోసం 14446, మానసిక బాధలకు 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మద్యం మానినవారిలో కుంచించుకుపోయిన మెదడు కొన్ని వారాల నుండి నెలలలో కొంతవరకు కోలుకుంటుంది. కాబట్టి ఆశ వదులుకోవద్దు. మళ్ళీ ఒకసారి జారిపడినా, “ఇంక వీడు మారడు” అని తలుపు వేయవద్దు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో తండ్రి ఎదురు పరుగెత్తాడు, ఇంటి దగ్గరున్న అన్న మాత్రం కోపంతో బయటే నిలబడ్డాడు. వ్యసనం లేని అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్ళారా, మీ తోబుట్టువును ఆసుపత్రికి తీసుకువచ్చే చెయ్యి మీదే కావాలి. ప్రభువు మీ కుటుంబాలను కాపాడును గాక.