పసుపు దుంపకు కాపలా కాసే బాక్టీరియా

పసుపు యార్డుకు చేరిన తరువాతనే ధర గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. కాని సరుకు ఎంత వచ్చేదీ, ఎలా ఉండేదీ అంతకు ముందు వానాకాలంలోనే, మట్టి అడుగున తేలిపోతుంది. దుగ్గిరాల, నిజామాబాద్ వర్తకులకు దుంపకుళ్ళు తెగులు పేరు కొత్త కాదు. తోటల్లో కుళ్ళు పాకిన ఏడు సరుకు రాబడి తగ్గుతుంది; వచ్చిన దానిలోనూ ఊరని కొమ్ములు ఎక్కువగా ఉంటాయి. రాబడి తగ్గి ధర పెరిగినా, తోట పోయిన రైతుకు ఆ ధర దక్కదు.

ఈ తెగులుకు ముఖ్య కారణం పిథియం అనే, బూజును పోలిన సూక్ష్మజీవి. నీరు నిలిచే చేలో ఇది త్వరగా వ్యాపిస్తుంది. ఆకులు అంచుల నుంచి ఎండుతాయి, కాండం మొదలు మెత్తబడుతుంది, దుంప కుళ్ళిపోతుంది. ఆకు మీద గుర్తు కనిపించే సరికి అడుగున నష్టం మొదలై ఉంటుంది.

దీనికి ఎదురు నిలవగల జీవులు పసుపు మొక్కలోనే ఉండటం విశేషం. మొక్కకు హాని చేయకుండా వేళ్ళలో, దుంపలో నివసించే బాక్టీరియా ఇవి. 2016లో ప్రచురితమైన ఒక భారతీయ పరిశోధనలో పసుపు దుంపల నుంచి బాసిల్లస్, సూడోమోనాస్ జాతులను వేరుచేశారు. ఇటువంటి బాక్టీరియాలో కొన్ని మట్టిలో కరగని భాస్వరాన్ని కరిగిస్తాయి. వేళ్ళ పెరుగుదలకు తోడ్పడే హార్మోనును తయారు చేస్తాయి. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే రకం మట్టిలోని ఇనుమును ముందుగా తానే గ్రహించి తెగులు జీవికి అందకుండా చేస్తుంది.

కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పొడి పట్టించి నాటడం వాడుకలో ఉన్న పద్ధతి. ఎకరాకు సుమారు 8 నుంచి 10 క్వింటాళ్ళ విత్తనం పడుతుంది కనుక 8 నుంచి 10 కిలోల పొడి కావాలి. కోళిక్కోడ్‌లోని భారత సుగంధద్రవ్యాల పరిశోధనా సంస్థ ఇటువంటి మేలుచేసే సూక్ష్మజీవులను చిన్న క్యాప్సూళ్ళలో నింపే విధానాన్ని రూపొందించింది. మోతకూ, నిల్వకూ ఇది సులువు.

అయితే కొనుగోలులో జాగ్రత్త అవసరం. ఇది ప్రాణమున్న సరుకు. ఎండలో పడి ఉన్న సంచిలో, గడువు దాటిన పొట్లంలో మిగిలేది ఉత్త సుద్దపొడే. తయారీ తేదీ, గడువు తేదీ, సజీవ కణాల సంఖ్య చూసి కొనాలి. నీడన, చల్లని చోట ఉంచాలి. రాగి మందులతోగాని, బాక్టీరియాను చంపే మందులతోగాని కలపరాదు.

ఇది రోగం వచ్చాక వాడే మందు కాదు, రాకముందు పెట్టుకునే కాపలా. మురుగు నీరు పోయే కాలువలు తీయని చేనును ఏ బాక్టీరియా కాపాడలేదు. కుళ్ళిన మడి నుంచి విత్తనం దాచుకుంటే తెగులునే మరుసటి ఏటికి దాచుకున్నట్లు.

బాక్టీరియా వాడారని యార్డులో ఎవరూ క్వింటాలుకు ఒక్క రూపాయి ఎక్కువ పాడరు. లాభమల్లా చేను నిలవడంలోనే ఉంది. పొలంలో పోయిన బస్తాకు పాటలో ధర రాదు. అందుచేత విత్తనం ఇంకా ఇంట్లో ఉండగానే రైతు సోదరులు ఈ లెక్క చూసుకోవడం మంచిది.