క్లాసులో చారిత్రక కథ రాయిస్తున్నారా..? మొదటి డ్రాఫ్ట్‌తో ఆపేస్తే అది పాఠమే.. కథ పుట్టేది దిద్దుబాటులోనే!

'ఏదైనా ఒక చారిత్రక సంఘటన ఆధారంగా కథ రాయండి' అని టీచర్ చెప్పగానే చాలామంది పిల్లలు చేసే పని ఒకటే. సోషల్ పుస్తకం తెరుస్తారు, ఒక పేరా తీసుకుంటారు, అందులో రాజు అనో సీత అనో ఒక పేరు చేర్చేస్తారు. అయిపోయింది కథ! కానీ అది కథ కాదు, పేరు మార్చిన పాఠం. మరి దాన్ని కథగా ఎలా మార్చాలి..? చరిత్రను తప్పు చెప్పకుండా ఊహించడం ఎలా..? హైదరాబాద్ వాళ్లందరికీ తెలిసిన ఒక సంఘటనతో చూద్దాం.

అసలు ఆ రోజు ఏం జరిగింది..?

1908 సెప్టెంబర్ 28, సోమవారం. మూసీకి భారీ వరద వచ్చింది. అప్పటి పాలకుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి, పురానాపూల్ నిలబడింది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఈ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. కథకు కావాల్సిన సరుకంతా ఇందులోనే ఉంది.

మొదటి డ్రాఫ్ట్ ఇలా ఉంటుంది

9వ తరగతి విద్యార్థి ఒకరు ఇలా రాశారనుకుందాం: '1908లో మూసీకి వరదలు వచ్చాయి. 15 వేల మంది చనిపోయారు. గండిపేట గేట్లు ఎత్తేశారు. రంగయ్య చాలా బాధపడ్డాడు. ఉస్మానియా ఆస్పత్రి దగ్గర చెట్టెక్కి బతికాడు.'

ఇది చూసి ఎర్ర పెన్ను తీయాల్సిన పనిలేదు. మొదటి డ్రాఫ్ట్ అంటే ఇలాగే ఉంటుంది. అక్షర దోషాలు, కామాలు ఇప్పుడే దిద్దితే పిల్లలు పెన్ను పక్కన పెట్టేస్తారు. ముందు కథ పూర్తి కానివ్వండి. దిద్దుబాటు మూడు రౌండ్లలో చేయిస్తే చాలు.

రౌండ్ 1: ఆ రోజుకి అది ఉందా..?

ప్రతి వస్తువుకీ, ప్రతి పేరుకీ ఈ ఒక్క ప్రశ్న వేయాలి. గండిపేట గేట్లు ఎత్తారా..? అసలు అప్పటికి గండిపేట చెరువే లేదు! ఆ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది, హిమాయత్ సాగర్ 1927లో. ఇప్పుడు వాన పడితే టీవీలో 'గేట్లు ఎత్తివేత' అని చూస్తాం కదా.. ఆ అలవాటే కథలోకి వచ్చేసింది.

ఇక ఉస్మానియా ఆస్పత్రి. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిందే 1911లో. ఆయన పేరుతో 1908లో ఆస్పత్రి ఎలా ఉంటుంది..? అప్పుడది అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి. రంగయ్య జేబులో డబ్బులుంటే అవి కూడా నిజాం రాజ్యం సొంత నాణేలు, హాలీ సిక్కాలు.

తప్పులు వెతకడమంటే మార్కులు కోయడం అనుకోవద్దు. ఒక్కోసారి కథకు మలుపు ఇక్కడే దొరుకుతుంది. వంతెనలు కొట్టుకుపోయాయని తెలిశాక, రంగయ్య నాయిన పని మీద అవతలి ఒడ్డుకు వెళ్లి ఉంటే..? ఇంట్లో అవ్వ, చెల్లె, రంగయ్య మాత్రమే మిగులుతారు. కథ అక్కడే కదిలింది.

రౌండ్ 2: ఆ మనిషికి ఏం తెలుసు..?

వరదలో ఉన్న రంగయ్యకు 15 వేల మంది చనిపోయారని ఎలా తెలుస్తుంది..? ఆ లెక్క మనకు తెలుసు, అతనికి తెలియదు. అతనికి తెలిసింది గడప దాటిన నీళ్లు, చీకటి, పక్కింటి నుంచి వినిపిస్తున్న కేకలు.

'చాలా బాధపడ్డాడు' అన్న మాట కొట్టేసి, అతను ఏం చేశాడో రాయమని చెప్పండి. అప్పుడు డ్రాఫ్ట్ ఇలా మారొచ్చు:

'అవ్వా, నీళ్లు గడప దాటినయ్!' అని అరిచాడు రంగయ్య. అవ్వ బియ్యం మూట వైపు చూసింది. రంగయ్య పడుకున్న చెల్లె వైపు చూశాడు. రెండూ మోసే బలం అతనికి లేదు.

ఎక్కడా అంకె లేదు. కానీ వరద ఎంత పెద్దదో తెలుస్తోంది. సంభాషణ కూడా చూడండి. పాతబస్తీ పిల్లవాడు పుస్తకాల భాషలో 'అమ్మా, జలములు ప్రవేశించుచున్నవి' అనడు కదా! ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడే మాటలు వినమని పిల్లలకు చెబితే ఈ సమస్య సగం తీరిపోతుంది.

రౌండ్ 3: గట్టిగా చదవడం

కథను పక్క బెంచీ వాళ్లకు చదివి వినిపించాలి. విన్నవాళ్లు రెండే చెప్పాలి. ఎక్కడ బోర్ కొట్టింది..? ఎక్కడ అర్థం కాలేదు..? 'బాగుంది' అన్న మాట ఇక్కడ పనికిరాదు. అక్షర దోషాలు, విరామ చిహ్నాలు దిద్దాల్సింది ఈ రౌండ్ అయ్యాకే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే

కథలో ఊహ తప్పదు. కానీ ఏది ఊహ, ఏది నిజం అన్నది దాచకూడదు. ఈ రోజుల్లో ఒక కల్పిత సన్నివేశానికి మ్యూజిక్ పెట్టి రీల్ చేస్తే, రెండు రోజుల్లో అదే చరిత్ర అయిపోతోంది. 'నిజాం ఆ రోజు ఇలా అన్నాడట' అంటూ వాట్సాప్‌లో తిరిగే మాటలు మనమందరం చూస్తున్నవే. పిల్లలు రాసే కథ ఆ జాబితాలో చేరకూడదంటే రెండు నియమాలు పెట్టుకోవాలి.

ఒకటి.. చరిత్రలో నిజంగా ఉన్న వ్యక్తి నోట్లో సొంత మాటలు పెట్టొద్దు. నిజాం, విశ్వేశ్వరయ్య కథ వెనకాల ఉండాలి. ముందు నిలబడేది రంగయ్య లాంటి కల్పిత పాత్ర.

రెండు.. కథ చివర నాలుగు లైన్ల గమనిక తప్పనిసరి. 'వరద తేదీ, కొట్టుకుపోయిన వంతెనలు నిజం. చింతచెట్టు సంగతి జనం చెప్పుకునేది. రంగయ్య కుటుంబం నా ఊహ.' ఇంతే. ఈ అలవాటున్న పిల్లలు రేపు ఫోన్‌లో ఏ వీడియో చూసినా 'ఇందులో నిజమెంత' అని అడుగుతారు.

గురజాడే తిరగరాశారు.. మనమెంత..!

దిద్దడమంటే పిల్లలకు శిక్షలా అనిపిస్తుంది. వాళ్లకు కన్యాశుల్కం సంగతి చెప్పండి. 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడ అప్పారావు బాగా మార్చి, పెంచి, 1909లో మళ్లీ తెచ్చారు. ఈ రోజు మనం ఎక్కువగా చదువుతున్నది ఆ రెండోదే. 1910లో వచ్చిన ఆయన ప్రసిద్ధ కథ పేరు కూడా 'దిద్దుబాటు' కావడం విశేషం.

నాలుగు పీరియడ్లు కేటాయిస్తే సరిపోతుంది. ఒకటి వివరాల సేకరణకు, ఒకటి మొదటి డ్రాఫ్ట్‌కు, మిగతా రెండూ దిద్దడానికే. మీ ఊళ్లో పాత కోట ఉన్నా, చెరువు ఉన్నా, కరవు రోజులు గుర్తున్న తాతయ్య ఉన్నా.. తర్వాతి కథ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.