టీకా తర్వాత గుండె దడ

పిల్లలకు టీకా వేయించి ఇంటికి తీసుకొచ్చాక ఒళ్ళు వెచ్చబడిందా, సూది వేసిన చోట వాచిందా అని మనం చూస్తూనే ఉంటాం. ఇప్పుడు ఇంకో భయం కూడా చేరింది. "టీకా వేయించుకుంటే గుండె లయ తప్పుతుందటగా!" అని. ఇందులో నిజమెంత, భయమెంత అన్నది ఇవాళ చెప్పుకుందాం.

గుండె కుడివైపు పైగదిలో చిన్న కణాల ముద్ద ఒకటుంది. అందులో పుట్టే విద్యుత్ప్రేరణ గుండె కండరమంతా పాకితేనే గుండె కొట్టుకుంటుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ళకు నిమిషానికి 60 నుంచి 100 సార్లు, పసివాళ్ళకు ఇంకా ఎక్కువ. జ్వరం ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ పెరిగితే నాడి సుమారు పది దెబ్బలు పెరుగుతుంది. అందుచేత టీకా వేసిన రాత్రి 101 జ్వరంలో గుండె వడివడిగా కొట్టుకుంటే కంగారుపడకండి. జ్వరం దిగితే నాడీ దిగుతుంది.

రెండోది సూది భయం. మన దేశంలో 10, 16 ఏళ్ళకు ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా టీకా వేస్తారు. ఆ వయసు పిల్లలు కొందరు సూది వేయగానే కళ్ళు తిరిగి పడిపోతారు. భయంవల్ల గుండె వేగం తగ్గి, రక్తపు పోటు పడిపోవడమే దీనికి కారణం. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తిపెడితే తేరుకుంటారు. స్పృహ వచ్చేదాకా నోట్లో నీళ్ళు పోయకూడదు. టీకా వేయించగానే బయల్దేరిపోకుండా కాసేపు కూర్చోబెట్టమనేది ఇందుకు కూడానండీ.

మూడోదే అసలు సంగతి. అరుదుగా గుండె కండరానికే వాపు వస్తుంది. దీన్ని మయోకార్డైటిస్ అంటారు. వాచిన కండరంలో ప్రేరణ సాఫీగా సాగక గుండె లయ తప్పవచ్చు. 2003లో అమెరికాలో సైనికులకూ, ఆస్పత్రి సిబ్బందికీ మశూచి టీకాలు వేసినప్పుడు కొందరిలో ఇది బయటపడింది. 2021లో ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాల తర్వాత మళ్ళీ కనిపించింది. ఎక్కువగా పడుచు కుర్రాళ్ళలో, రెండో మోతాదు వేశాక వారం లోపల. ఫైజర్ రెండో మోతాదు వేయించుకున్న 16, 17 ఏళ్ళ మగపిల్లల్లో దాదాపు పదివేల మందికి ఒకరికి వచ్చిందని అమెరికా లెక్క. వాళ్ళలో చాలామంది కోలుకున్నారు. అందరి మీదా కలిపి చూస్తే, కోవిడ్ జబ్బువల్ల వచ్చే గుండె వాపే ఎక్కువ. మన దేశంలో 2021 జనవరి 16 నుంచి వేసినవి ముఖ్యంగా కోవిషీల్డ్, కోవాక్సిన్. అవి ఆ రకం టీకాలు కావు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు అక్కడ వేయించుకున్నవి మాత్రం చాలావరకు ఆ రకమే.

మరి ఎప్పుడు జాగ్రత్తపడాలి? టీకా వేసిన కొద్దిరోజుల్లో ఛాతీలో నొప్పి, ఆయాసం, జ్వరం లేకుండా కూర్చున్నచోటే దడ, నాడి ఒక దెబ్బ తప్పినట్టుండటం, నడుస్తూ నడుస్తూ సొమ్మసిల్లడం - వీటిలో ఏది కనిపించినా గ్యాసేలెమ్మని వాము నీళ్ళిచ్చి ఊరుకోవద్దు. అదేరోజు డాక్టరుకు చూపించండి. ఇ.సి.జి., రక్త పరీక్షలతో సంగతి తెలుస్తుంది. ఏ టీకా, ఏ తేదీన వేశారో చెప్పండి. టీకా కార్డు భద్రంగా దాచేది అందుకే. గుండె వాపని తేలితే మూడు నుంచి ఆరు నెలలు పరుగులు, ఆటలు మాన్పించాలి. తర్వాతి మోతాదు సంగతి డాక్టరే చెప్పాలి.

ఈ భయంతో పసివాళ్ళ టీకాలు మాత్రం ఆపకండమ్మా. కంఠసర్పి వచ్చిన పిల్లలు గొంతు పూడుకుపోయి ఊపిరాడక చనిపోవడం ఒక ఎత్తు. గొంతు నయమైందనుకున్నాక, ఆ జబ్బు విషం గుండె కండరానికెక్కి, లయ తప్పి చనిపోవడం ఇంకో ఎత్తు. ఆ ముప్పు నుంచి బిడ్డ గుండెను కాపాడేది మనం వేయించే ఆ చిన్న సూదే.